యుద్ధ ఫొటో అసలుదా, నటనా? అడుగడుగునా తేల్చుకునే పద్ధతి

ఎక్కడ బాంబు పడినా ఆ ఫొటోలు గంట తిరక్కుండానే మన ఫోన్లలోకి వచ్చేస్తున్నాయి. వాటి వెనకాలే రెండు మాటలు వస్తాయి. ‘చూడండి ఎంత ఘోరమో’ అని ఒకరు, ‘అంతా సెటప్, ఆ పిల్లాడు బొమ్మ, ఆ తల్లి నటి’ అని మరొకరు. గాజా, ఉక్రెయిన్, సిరియా, లెబనాన్, మన కశ్మీర్, ఏ ఫొటో కింద చూసినా ఇదే తగవు. ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదివే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో 2022లో ఇది కాలక్షేపపు చర్చ కాదు. గల్ఫ్‌లోనో, ఇజ్రాయెల్‌లోనో మనిషి ఉన్న ఇంట్లో ఇప్పటికీ కాదు. అబద్ధపు ఫొటో ఒకరిని అనవసరంగా భయపెడుతుంది. నిజమైన ఫొటోను నటన అంటే చచ్చిపోయినవాళ్ళను మళ్ళీ చంపినట్టే.

తేల్చడానికి కావలసినవి తక్కువే: ఒక ఫోన్, వీలైతే కంప్యూటర్, ఒక నోటుపుస్తకం. ఒక్కో ఫొటోకు అరగంట పట్టవచ్చు, నాలుగు గంటలూ పట్టవచ్చు. మొదటినుంచీ ఒక్క నియమం పట్టుకోండి. ‘ఇది ఫేక్’ అన్నది కూడా ఒక ఆరోపణే. ‘ఇది నిజం’ అన్నవాళ్ళను ఎంత రుజువు అడుగుతారో, ‘నటన’ అన్నవాళ్ళనూ అంతే అడగాలి. ఈ రెండో సగాన్ని వదిలేయడం వల్లే చాలా పరిశీలనలు దారి తప్పుతున్నాయి.

ముందు ప్రశ్నను నాలుగు ముక్కలు చేయండి

‘నిజమా, నటనా’ అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి.

మొదటి గడి: ఫొటోలో చెబుతున్న ఘటన జరిగిందా?
రెండో గడి: ఈ ఫొటో ఆ చోటుదీ, ఆ రోజుదీనా?
మూడో గడి: కెమెరా కోసం ఎవరైనా దృశ్యాన్ని సర్దారా, ఎత్తి చూపించారా?
నాలుగో గడి: తీసిన తర్వాత ఫైలును మార్చారా?

ఒక గడిలో ‘అవును’ వస్తే మిగతావాటి జవాబు దానంతట అది రాదు. లక్నోలోని సికందర్ బాగ్ ఫొటో దీనికి మంచి ఉదాహరణ. 1857 నవంబరులో అక్కడ బ్రిటిష్ సేనలు పెద్ద ఊచకోత కోశాయి. ఫొటోగ్రాఫర్ ఫెలీస్ బియాటో తన కెమెరాతో అక్కడికి చేరింది 1858లో, నెలల తర్వాత. ముంగిట చెల్లాచెదురుగా కనిపించే ఎముకలను ఫొటో కోసమే పరచి ఉంటారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మూడో గడిలో ‘సర్దారు’ అని రాయవలసి రావచ్చు. అంతమాత్రాన మొదటి గడిలో ‘ఊచకోత జరగలేదు’ అని రాయగలమా?

రెండో గడి ఒక్కటే తప్పిన ఉదాహరణ 2017 సెప్టెంబరుది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో పాకిస్తాన్ రాయబారి మలీహా లోధీ గాయాలతో ఉన్న ఒక అమ్మాయి ఫొటో ఎత్తి చూపి, కశ్మీర్‌లో పెల్లెట్ల (చిన్న లోహపు గుళ్ళ) బాధితురాలని చెప్పారు. అది 2014లో గాజాలో హైదీ లెవీన్ తీసిన ఫొటో. అమ్మాయి నిజం, గాయాలు నిజం, చోటు మాత్రం వేరు. కశ్మీర్‌లో పెల్లెట్లకు గాయపడినవాళ్ళున్నారన్న మాట కూడా ఈ తప్పుతో చెరిగిపోదు.

నాలుగో గడికి 2006 ఆగస్టు. రాయిటర్స్‌కు పనిచేసే అద్నాన్ హజ్ బీరుట్ మీద దాడి జరిగాక తీసిన ఫొటోలో పొగను ఫొటోషాప్‌లో అతికించి చిక్కబరిచాడు. ఒకే పొగ మెలిక పదేపదే కనిపించడంతో బ్లాగర్లు పట్టేశారు. మరో ఫొటోలో ఎఫ్-16 విమానం వదిలిన ఒక్క ఫ్లేర్‌ను (క్షిపణులను దారి మళ్ళించే మంటను) మూడు చేసి, క్షిపణులని క్యాప్షన్ పెట్టాడు. రాయిటర్స్ అతని 920 ఫొటోలనూ ఉపసంహరించుకుంది. బ్లాగర్లు పట్టింది న్యాయమైన తప్పే. దాన్ని ఆసరా చేసుకుని ‘లెబనాన్ ఫొటోలన్నీ ఇంతే’ అనడం మాత్రం వేరే లెక్క, దానికి రుజువు లేదు.

చూసేముందు

ఘోరమైన ఫొటోలను గంటల తరబడి చూస్తే నిద్ర పాడవుతుంది, తీర్పు కూడా చెడుతుంది. బొమ్మను స్క్రీన్ మీద చిన్నదిగా పెట్టుకోండి, ఫోన్ సెట్టింగులలో రంగులు తీసేసి నలుపు-తెలుపు చేయండి, వీడియో అయితే మొదటిసారి శబ్దం లేకుండా చూడండి. మృతదేహం ముఖం మీద వేలు అడ్డం పెట్టి, ముందు గోడలు, బోర్డులు, నీడలు చూడండి. చోటు పట్టించే ఆధారాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. నలభై నిమిషాలకోసారి లేవండి. రాత్రి పడుకోబోయే ముందు ఈ పని పెట్టుకోకండి.

వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. ఇంట్లో పిల్లలు అదే ఫోన్ గ్యాలరీ తెరుస్తారు.

అసలు కాపీని పట్టుకోండి

మీకు వచ్చింది దాదాపు ఎప్పుడూ కాపీకి కాపీ. వాట్సాప్, ఫేస్‌బుక్, ఎక్స్ మూడూ ఫొటోను కుదించి, కెమెరా రాసిన వివరాలను తీసేస్తాయి. టెలిగ్రామ్‌లో ఫొటోగా పంపితే అంతే; ఫైలుగా పంపితే మాత్రం వివరాలు మిగులుతాయి. పంపినవాళ్ళను ‘ఇది మీకు ఎక్కడినుంచి వచ్చింది? లింకు ఉందా?’ అని అడగండి. ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది’ అన్న గుర్తు ఉంటే ఆ మనిషికి మూలం తెలిసే అవకాశం లేదు, కాలం వృథా చేయకండి.

లింకు దొరకగానే వరసగా ఈ పనులు చేయండి. పోస్టును వెబ్ పేజీల నకళ్ళు భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లోనో, ఆర్కైవ్ టుడేలోనో దాచండి, ఎందుకంటే ఇలాంటి పోస్టులు గంటల్లో మాయమవుతాయి. తేదీ, ఖాతా పేరు కనబడేలా పూర్తి స్క్రీన్‌షాట్ తీయండి. ఫొటోను అందుబాటులో ఉన్న అతి పెద్ద సైజులో దించండి. కంప్యూటర్ ఉంటే ఆ ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి అంకెల, అక్షరాల వరస; ఫైలు కాస్త మారినా ఇది మారిపోతుంది) తీసి పుస్తకంలో రాసుకోండి. రేపు ఎవరైనా ‘నువ్వే మార్చావు’ అంటే అదే జవాబు. అసలు ఫైలును ముట్టుకోకుండా, మరో కాపీ మీదే పని చేయండి. యుద్ధనేరాల విచారణల కోసం ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయమూ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ కేంద్రమూ కలిసి తయారుచేసిన బర్క్‌లీ ప్రోటోకాల్ కూడా ఆధారాన్ని ఇలా భద్రపరచడం మీద గట్టిగా నిలబడుతుంది.

వెనక్కి వెతకడం

తప్పుడు యుద్ధ ఫొటోలలో ఎక్కువ భాగం నటనలు కావు, పాత ఫొటోలు. అందుకే ముందు రివర్స్ ఇమేజ్ సెర్చ్, అంటే ఫొటోనే ఇచ్చి అది ఇంకెక్కడ ఉందో వెతకడం. ఒక్క గూగుల్ లెన్స్‌తో ఆపకండి. యాండెక్స్ భవనాలనూ, ఒకే దృశ్యపు వేర్వేరు కోణాలనూ బాగా పట్టుకుంటుంది. టిన్‌ఐలో ఫలితాలను ‘ఓల్డెస్ట్’ వరసలో పెడితే అది మొదట ఎప్పుడు కనబడిందో తెలుస్తుంది. బింగ్ కూడా చూడండి.

ఫొటో మొత్తం వేసి ఊరుకుంటే సగం సార్లు దొరకదు. ముందు పైన అతికించిన తెలుగు, హిందీ రాతలను కత్తిరించండి. తర్వాత ఒక్కో ముక్కను విడిగా వెతకండి: వెనక మసీదు మీనారు, అంబులెన్స్ తలుపు మీది గుర్తు, కూలిన మేడ మూల. చివరిగా ఫొటోను అద్దంలోలా తిప్పి వెతకండి, ఎందుకంటే దొంగ కాపీలను తరచూ ఇలా తిప్పేస్తారు. బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉంటే అదే సూచన.

వీడియో అయితే ఇన్‌విడ్-వీవెరిఫై అనే ఉచిత బ్రౌజర్ ప్లగిన్ ముఖ్యమైన ఫ్రేములను విడదీసి ఇస్తుంది. యూట్యూబ్‌లో ఆపిన వీడియోను కామా, ఫుల్‌స్టాప్ మీటలతో ఒక్కో ఫ్రేము చొప్పున వెనక్కీ ముందుకీ నడపవచ్చు.

స్థానిక భాషలో వెతకకపోవడం మనవాళ్ళు తరచూ చేసే తప్పు. ఊరి పేరు, ‘ఆసుపత్రి’, ‘బాంబు దాడి’ అన్న మాటలను అరబిక్‌లోకో ఉక్రేనియన్‌లోకో మార్చి వెతకండి. గూగుల్ టూల్స్‌లో తేదీల పరిధి పెట్టి, ఘటన జరిగిందన్న రోజుకు ముందు కాలంలో చూడండి. అంతకు ముందే ఫొటో కనిపిస్తే రెండో గడి అక్కడికక్కడే తేలిపోయినట్టే.

ఈ తప్పు పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2012 మే నెలలో సిరియాలోని హౌలా ఊచకోత వార్తకు బీబీసీ వెబ్‌సైట్ వాడిన ఫొటోలో తెల్లటి సంచుల వరసలు, వాటి మధ్య దూకుతున్న పిల్లాడు కనిపిస్తారు. అది మార్కో డి లౌరో 2003లో ఇరాక్‌లో తీసినది. హౌలాలో ఊచకోత నిజంగానే జరిగింది. మొదటి గడి నిలబడింది, రెండోది కూలింది.

ఒక జాగ్రత్త: వెతికినా ఏమీ దొరకలేదంటే ‘కొత్త ఫొటో, కాబట్టి నిజం’ అని కాదు. దొరకలేదనే రాసుకోండి.

గడియారం: అందరూ పడే గుంట

ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ‘నటన’ ఆరోపణలలో ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది.

2006 జూలై 30న దక్షిణ లెబనాన్‌లోని కానా గ్రామంలో, రాత్రి ఒంటిగంట ప్రాంతంలో ఇజ్రాయెల్ వైమానిక దాడికి ఒక భవనం కూలింది. ఉదయం శిథిలాల్లోంచి పిల్లల దేహాలు తీస్తున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. కొందరు బ్లాగర్లు వార్తల వెబ్‌సైట్లలో ఆ ఫొటోల కింద ఉన్న సమయాలను వరసగా పేర్చి చూశారు. ఒకే పాపను గంటల తేడాతో మళ్ళీమళ్ళీ మోస్తున్నట్టు కనబడింది. ‘చూశారా, అంతా ప్రదర్శన’ అన్నారు. ఫొటోలు తీసిన వార్తాసంస్థలు అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ), రాయిటర్స్, ఏఎఫ్‌పీ ఆరోపణను తోసిపుచ్చాయి. వెబ్‌సైట్‌లో కనిపించే సమయం ఫొటో తీసినది కాకపోవచ్చు, అది పైకి ఎక్కించిన సమయమూ కావచ్చని ఏపీ వివరించింది. ఎడిటర్ ఏ ఫొటోను ఎప్పుడు పంపితే ఆ సమయం పడుతుంది. ఉదయం తీసిన మొదటి ఫొటో మధ్యాహ్నం పోవచ్చు, చివరిది ముందే పోవచ్చు.

అందుకని ఏ సమయం కనబడినా అది ఏ గడియారానిదో అడగండి. కెమెరా గడియారమా? ఫొటోగ్రాఫర్ దాన్ని స్వదేశపు సమయానికి పెట్టి మర్చిపోయి ఉండవచ్చు. ఏజెన్సీ పంపిన సమయమా? వెబ్‌సైట్‌లో పడిన సమయమా? లేక మీ ఫోన్ మన సమయంలోకి మార్చి చూపిస్తున్నదా? ఎక్స్‌లో ఒక పోస్టు మనకు మధ్యాహ్నం ఒంటిగంట అని చూపిస్తే, వేసవిలో బీరుట్‌లో, కీవ్‌లో అది ఉదయం 10.30, శీతాకాలంలో 9.30. ఈ గంట తేడా మర్చిపోయి ‘దాడికి ముందే ఫొటో వచ్చేసింది’ అని ప్రచారం చేసినవాళ్ళు చాలామంది. పోస్టులన్నిటినీ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం; మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు) మార్చి ఒక పట్టిక రాయండి, తర్వాతే పోల్చండి.

అసలు ఫైలు చేతికొస్తే, కెమెరా ఫైలులో రాసిన వివరాలు చూపించే ఎక్సిఫ్‌టూల్‌తో తెరిచి కెమెరా నమూనా, సీరియల్ నంబరు, తీసిన సమయం చూడండి. ఆ అంకెలను మార్చడం సులువు కనుక ఇవి ఒంటరిగా రుజువు కావు. ఫొటోగ్రాఫర్ ఆ రోజు తీసిన మొత్తం వరస, అంటే ముందు పది ఫ్రేములూ తర్వాత పది ఫ్రేములూ దొరికితే, అదే ఎక్కువ విలువైనది.

కానాకు మరో కోణం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. పచ్చ హెల్మెట్ పెట్టుకున్న సహాయ సిబ్బంది ఒకతను పాప దేహాన్ని కెమెరాలకు ఎత్తి చూపించాడు, చిత్రీకరణకు సూచనలు ఇస్తున్నట్టు ఒక జర్మన్ టీవీ దృశ్యంలో కనిపించాడు. మూడో గడిలో ఇది రాయవలసిందే. కానీ చంపినవాళ్ళ దౌర్జన్యాన్ని లోకానికి చూపించాలని దేహాన్ని ఎత్తిపట్టుకోవడం వేరు, చావే లేకుండా చావు నటించడం వేరు. మొదట 50 మందికి పైగా చనిపోయారన్నారు. హ్యూమన్ రైట్స్ వాచ్ తర్వాత 28 మరణాలను నిర్ధారించింది, అందులో 16 మంది పిల్లలు. అంకె తగ్గిందన్నది కూడా నమోదు చేయాలి, చావులు నిజమన్నదీ నమోదు చేయాలి.

చోటు తేల్చడం

క్యాప్షన్ చెప్పిన ఊరిని గూగుల్ ఎర్త్‌లో తెరిచి, ఫొటోలో కదలనివాటిని జాబితా రాయండి: మీనారు, నీళ్ళ ట్యాంకు, విద్యుత్ స్తంభాల రకం, రోడ్డు వంపు, కొండ అంచు, కిటికీల వరస. కనీసం మూడు వస్తువులు ఒకదానికొకటి ఉన్న దూరం, దిక్కు సరిపోతేనే చోటు కుదిరిందనండి. ఒక్క బోర్డు చాలదు, ఎందుకంటే ఒకే పేరున్న మందుల దుకాణాలు పది ఊళ్ళలో ఉంటాయి.

గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల చిత్రాలు చూసే గడియారం గుర్తు ఉంటుంది. భవనం ఏ తేదీ తర్వాత కూలిందో దాంతో గీత గీయవచ్చు. ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రాల్లో ఒక్కో చుక్క 10 మీటర్లు, దాదాపు ఐదు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది. కాలిన వీధి తెలుస్తుంది, మనిషి తెలియడు.

మనిషంత ఆకారం కనబడేంత స్పష్టత ఉన్న వాణిజ్య ఉపగ్రహ చిత్రాలే బుచాలో తగవు తేల్చాయి. 2022 ఏప్రిల్‌లో కీవ్ దగ్గరి బుచా యాబ్లున్స్కా వీధిలో దేహాలు కనబడినప్పుడు, తమ సేనలు మార్చి 30నే వెళ్ళిపోయాయనీ, ఆ తర్వాత ఉక్రెయినే దేహాలను పరిచిందనీ రష్యా అంది. మాక్సార్ కంపెనీ ఉపగ్రహ చిత్రాలను న్యూయార్క్ టైమ్స్ పరిశీలిస్తే, దేహాలు దొరికిన చోట్లలోనే నల్లటి ఆకారాలు మార్చి రెండో వారం నుంచే, అంటే రష్యా సేనలు అక్కడ ఉండగానే ఉన్నట్టు తేలింది. ‘శవం చెయ్యి కదిపింది’ అంటూ తిప్పిన వీడియోలో కదిలింది కారు అద్దం మీది నీటి బొట్టు. ‘లేచి కూర్చుంది’ అన్నది కారు పక్క అద్దం వంపులో కనబడిన సాగుదల. ఆ వీడియోను అసలు నాణ్యతలో, ఫ్రేము ఫ్రేముగా చూస్తే ఇది ఎవరికైనా కనబడుతుంది. కుదించిన కాపీలో కనబడదు. మంచి కాపీ వెతకమనడం ఇందుకే.

నీడ లెక్క

నీడ పొడవు = వస్తువు ఎత్తు ÷ సూర్యుడి ఎత్తు కోణపు టాన్. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ మనిషంత. 30 డిగ్రీలైతే మనిషికి 1.73 రెట్లు. గాజా అక్షాంశం 31.5 డిగ్రీలు. డిసెంబరు చివరలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు అక్కడ 35 డిగ్రీలే ఎక్కుతాడు, నీడ ఎత్తుకు 1.4 రెట్లకు తగ్గదు. జూన్ చివరలో మధ్యాహ్నం 82 డిగ్రీలు, నీడ ఏడో వంతు. డిసెంబరు ఫొటో అంటూ కాళ్ళ కింద చిన్న ముద్దలా ఉన్న నీడ చూపిస్తే, తేదీ అబద్ధం.

నమ్మకం కుదరకపోతే డిసెంబరు 22న హైదరాబాద్‌లో మీ మేడ మీద మీటరు కర్ర నిలబెట్టండి. మధ్యాహ్నం 12.15 ప్రాంతంలో నీడ సుమారు 86 సెంటీమీటర్లు పడుతుంది. సన్‌కాల్క్ సైట్‌లో చోటు, తేదీ ఇస్తే ఏ గంటకు నీడ ఎటు, ఎంత పడుతుందో గీసి చూపిస్తుంది.

నేల వాలుగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. వైడ్ యాంగిల్ లెన్స్‌లో సమాంతరమైన నీడలు కూడా విచ్చుకున్నట్టు కనబడతాయి. ‘నీడలు రెండు దిక్కుల్లో ఉన్నాయి, కాబట్టి అతికింపు’ అన్న వాదన చాలావరకు ఇక్కడినుంచే వస్తుంది.

గాయం, రక్తం, దేహం

‘రక్తం లేదు’, ‘దుమ్ము లేదు’, ‘దేహం బిగుసుకుంది, కాబట్టి ఎక్కడినుంచో తెచ్చారు’. డాక్టర్లు కానివారు ఫొటో చూసి చెప్పే ఈ మాటలను తీర్పులో పెట్టవద్దు.

పేలుడు ఒత్తిడికి ఊపిరితిత్తులు చితికిపోయినవాళ్ళకూ, గోడ కింద నలిగి ఊపిరాడక పోయినవాళ్ళకూ పైన రక్తం కనబడకపోవచ్చు. ప్రాణం పోయాక రెండు నుంచి ఆరు గంటల్లో దేహం బిగుసుకోవడం మొదలై పన్నెండు గంటలకు పూర్తవుతుంది, ఆ తర్వాత రోజు, రోజున్నరలో సడలడం మొదలవుతుంది. ఎండ తీవ్రతకు ఇంకా త్వరగా జరుగుతుంది. చిన్న పిల్లల్లో త్వరగా వచ్చి త్వరగా పోతుంది. రాత్రి ఒంటిగంటకు పోయిన ప్రాణానికి ఉదయం తొమ్మిదింటికి దేహం బిగుసుకుని ఉంటే అది అసహజం కాదు, అలా ఉండడమే సహజం. కఫనులో (శవానికి చుట్టే తెల్లబట్టలో) చుట్టిన పసివాడి ముఖం మైనపు బొమ్మలా ఉండడమూ అంతే. 2023 డిసెంబరులో గాజాకు చెందిన ఒక పసిబిడ్డ దేహాన్ని ప్లాస్టిక్ బొమ్మ అని రాసిన ఇజ్రాయెల్ పత్రిక ఒకటి ఆ కథనాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

‘నటన’ రుజువులను కూడా వెతకండి

నటన అని చూపించే వీడియోలు పరిమితమే. అవే మళ్ళీమళ్ళీ తిరుగుతాయి. వాటినీ పై పద్ధతిలోనే వెనక్కి వెతకండి.

కఫనుల్లో చుట్టుకుని పడుకున్నవాళ్ళు కదులుతున్న వీడియో కైరోలోని అల్-అజహర్ విద్యార్థులు 2013లో చేసిన నిరసన ప్రదర్శన. గాజా పేరుతో ఏళ్ళుగా తిరుగుతోంది. రక్తపు మేకప్ వేస్తున్న సినిమా షూటింగ్ దృశ్యాలు ఇంకో రకం. 2023 నవంబరులో ఒక ఇజ్రాయెల్ ప్రభుత్వ ప్రతినిధి ‘గాజాలో నటన’ అని పంచిన వీడియో లెబనాన్‌లో తీసిన లఘుచిత్రపు తెరవెనుక దృశ్యం. రెండో వైపూ ఇంతే. 2014లో లక్షలమంది చూసిన, కాల్పుల మధ్య చెల్లిని కాపాడే ‘సిరియా బాలుడి’ వీడియో నార్వే దర్శకుడు మాల్టాలో తీసినది; సమాధుల మధ్య పడుకున్న ‘సిరియా అనాథ’ సౌదీ ఫొటోగ్రాఫర్ కళాప్రయోగం. ఆ పిల్లవాడికి తల్లిదండ్రులు ఉన్నారు.

‘ఒకే మనిషి మూడు ఘటనల్లో’ అన్న ఆరోపణ వస్తే ముఖం పోలికను నమ్మకండి. చెవి ఆకారం, పుట్టుమచ్చలు, పళ్ళ వరస చూడండి. అవన్నీ సరిపోయినా, మూడు ఫొటోలూ ఒకే రోజు ఒకే చోటివేమో చూడండి. 2022 మార్చి 9న మరియుపోల్ ప్రసూతి ఆసుపత్రి మీద దాడి తర్వాత, ఒకే గర్భిణి రెండు వేషాలు వేసిందని లండన్‌లోని రష్యా రాయబార కార్యాలయం ప్రచారం చేసింది. ఏపీ విలేఖరులు ఆ ఇద్దరినీ వెతికారు. వాళ్ళు వేర్వేరు స్త్రీలు. స్ట్రెచర్ మీదున్నామె, ఆమె బిడ్డ చనిపోయారు. రెండో ఆమె ప్రసవించింది. బాధితుల పేరు, ఊరు బయటపెట్టే ముఖ శోధన సైట్లను మాత్రం వాడకండి.

నిజమైన నటనను ఏ ఆధారం పట్టిస్తుందో 2004 మే నెలలో బ్రిటన్‌లో చూశాం. ఇరాకీ ఖైదీని బ్రిటిష్ సైనికులు హింసిస్తున్నట్టున్న ఫొటోలను డైలీ మిర్రర్ అచ్చువేసింది. ముఖాలు చూసి ఎవరూ పట్టలేదు, సామాను చూసి పట్టారు. రైఫిలు, టోపీ ఆ సైనికులదన్న పటాలం వాడేవాటిలా లేవు. ఫొటోలు తీసిన లారీ ఆ పటాలం ఉన్న కాలంలో ఇరాక్‌లో లేదని ప్రభుత్వం చెప్పింది. రెండు వారాల్లో సంపాదకుడి ఉద్యోగం పోయింది. మీరూ హావభావాలను వదిలేసి వస్తువులు చూడండి: నంబరు ప్లేటు, యూనిఫాం గుర్తు, ఆయుధ నమూనా, కరెంటు సాకెట్ ఆకారం. ఏడుపు నటనలా ఉందా లేదా అన్నది ఏ రుజువూ కాదు. దుఃఖానికి ఒకే రూపం ఉండదు.

ఫైలు లోపల: ఉపకరణాల హద్దు

ఎర్రర్ లెవెల్ అనాలిసిస్ అనే పరీక్ష జేపెగ్ ఫొటోను తెలిసిన నాణ్యతలో మళ్ళీ కుదించి, ఎక్కడెక్కడ ఎంత తేడా వచ్చిందో వెలుగుగా చూపిస్తుంది. వెలిగిన చోటల్లా అతికింపని చాలామంది అనుకుంటారు. తెల్ల చొక్కా అంచు, అక్షరాలు, పదునైన గీతలు ఏ ఫొటోలోనైనా వెలుగుతాయి. వాట్సాప్‌లో పదిసార్లు కుదించిన ఫొటోలో ఈ పరీక్షకు అర్థమే లేదు.

దీని మీద జరిగిన పెద్ద తగవు పాల్ హాన్సెన్ ఫొటోది. 2012 నవంబరు 20న గాజా సందులో ఇద్దరు చిన్న పిల్లల దేహాలను మోసుకెళ్తున్న ఆ ఫొటోకు వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం వచ్చింది. వెలుగు సినిమాలోలా ఉందనీ, పలు ఫొటోలను కలిపారనీ 2013 మే నెలలో ఒక ఫోరెన్సిక్ విశ్లేషకుడు వాదించాడు. ఆ పురస్కారం ఇచ్చిన సంస్థ హానీ ఫరీద్‌తో సహా డిజిటల్ ఫొటో నిపుణుల చేత కెమెరా అసలు రా ఫైలును (కుదించకుండా, దిద్దకుండా కెమెరా దాచే ఫైలును), ప్రచురించిన ఫొటోను పోల్చి చూపించింది. రంగులు, వెలుగునీడలు దిద్దారు, అతికింపు లేదు అని వాళ్ళు తేల్చారు. వెలుగు దిద్దడం మితిమీరిందా అన్నది న్యాయమైన చర్చే. దాన్ని ‘నకిలీ’ అనడం అన్యాయం. ఇలాంటి తగవు రా ఫైలుతోనే తీరుతుంది, స్క్రీన్‌షాట్ మీద పరీక్షతో కాదు.

కృత్రిమ మేధ గుర్తించే సైట్ల మీద ఇంకా తక్కువ నమ్మకం పెట్టుకోండి. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్ విడుదల చేసిన, కాలిన పసిబిడ్డ దేహపు ఫొటోను అలాంటి సైట్ ఒకటి ‘ఏఐ తయారుచేసినది’ అని చూపింది. ఆ స్క్రీన్‌షాట్ ప్రపంచమంతా తిరిగింది. హానీ ఫరీద్ పరిశీలించి ఏఐ ఆనవాళ్ళు లేవన్నారు. ఒక్క తప్పు గుర్తింపు ఒక పసివాడి చావును అబద్ధం చేసింది. వేళ్ళు లెక్కపెట్టే పాత చిట్కా కూడా ఇప్పుడు పనిచేయదు. మసకగా ఉన్న నిజమైన ఫొటోను ఎవరో ఏఐ యాప్‌లో ‘స్పష్టం’ చేస్తే వేళ్ళు, ముఖాలు వికృతమవుతాయి; అప్పుడు అసలుదే నకిలీలా కనబడుతుంది. ఇలాంటప్పుడు మసక కాపీనే వెతకండి.

ఏఐ చిత్రాన్ని నమ్మకంగా పట్టించేది రెండో కెమెరా. వీధిలో జరిగిన పేలుడును వేర్వేరు మనుషులు వేర్వేరు కోణాల్లో తీస్తారు. అదే అంబులెన్స్, అదే విరిగిన బాల్కనీ రెండు ఫొటోల్లో కనిపిస్తే చాలా బలమైన ఆధారం. ఒకే ఒక్క ఫొటో ఉండి, ఇంకెవరి కెమెరాలోనూ అది లేకపోతే ‘తేలలేదు’ గడిలో ఉంచండి. వీడియో గేముల దృశ్యాలు వేరే సంగతి: ‘ఆర్మా 3’ ఆట దృశ్యాలను నిజమైన దాడులుగా పంచుతున్నారని దాన్ని తయారుచేసిన బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థే 2022లో హెచ్చరించింది. ఇలాంటి వీడియోల్లో కదిలే మనుషులు కనబడరు, కెమెరా వణుకుతూ ఉంటుంది, రాత్రిపూట దృశ్యమే ఎక్కువ.

తీర్పు రాయడం

నాలుగు గళ్ళూ చూసి ఈ మాటల్లో ఒకటి ఎంచుకోండి: నిజమైన ఫొటో, క్యాప్షన్ సరైనది; నిజమైన ఫొటో, క్యాప్షన్ తప్పు; దృశ్యాన్ని సర్దారు లేదా ఎత్తి చూపారు, ఘటన నిజం; దృశ్యమే నటన; ఫైలు మార్చారు; తేలలేదు. ‘ఫేక్’ అన్న ఒక్క మాట ఎక్కడా రాయకండి, ఎందుకంటే అది పై ఆరింటిలో ఏదో చెప్పదు.

రాసే తీరు ఇలా ఉండనివ్వండి: ‘ఈ ఫొటో 2014లో గాజాలో తీసినది. కశ్మీర్‌ది కాదు. గాయపడిన మనిషి నిజం.’ మొదటి వాక్యంలో నిజం ఏమిటో, రెండో వాక్యంలో తప్పు ఏమిటో చెప్పాలి. అబద్ధాన్ని ముందు పెట్టి రాస్తే చదివేవాళ్ళకు అదే గుర్తుంటుంది. పాత పోస్టు లింకు, తేదీ, మీరు పోల్చిన మూడు గుర్తులు జతచేయండి. ఘోరమైన ఫొటోను మళ్ళీ పూర్తిగా పెట్టకండి, దేహం లేని ముక్క కత్తిరించి పెడితే చాలు. దాని మీద అడ్డంగా పెద్ద అక్షరాలతో ‘పాత ఫొటో’ అని రాయండి, లేకపోతే మీ పోస్టునుంచే కత్తిరించి మళ్ళీ పంచుతారు. పిల్లల ముఖాలను పూర్తిగా మసకబార్చండి. మన దేశంలో బాధిత బాలల గుర్తింపు మీడియాలో బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది.

రెండు గంటలు వెతికినా ముందుకు సాగకపోతే, తెలుగులోనూ పనిచేసే హైదరాబాద్ సంస్థలు ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్‌లకు మీ నోట్సుతో సహా పంపండి. ఎక్కడిదాకా చూశారో, ఎక్కడ ఆగారో చెబితే వాళ్ళ పని సగం తగ్గుతుంది.

తీర్పు తర్వాత కొత్త ఆధారం వస్తే పాత పోస్టును తీసేయకుండా, దాని పైననే తేదీతో సవరణ రాయండి. వాట్సాప్‌లో అయితే పంపిన 15 నిమిషాల్లోపే దిద్దుకోగలరు, రెండున్నర రోజుల దాకా అందరికీ తొలగించగలరు. ఆ గడువు దాటితే అదే గ్రూపులో, ముందు పంపిన మెసేజ్‌కే రిప్లై ఇస్తూ సవరణ పెట్టండి. మీరు దాన్ని మరో గ్రూపుకు కూడా పంపి ఉంటే అక్కడా పెట్టండి.